దావీదు చూసిన ఊళ్ళు

బండి ఆగింది. ఆగుతుందని దావీదుకు తెలుసు. కలైకుండా దాటాక, నిమ్‌పురా యార్డు ఇంకా కంటికి ఆననంత దూరంలో, ఇటు ఎర్రమట్టి బీడు, అటు సాలచెట్లు తప్ప పలకరించే ప్రాణి లేని ఈ చోటనే గూడ్సు బండిని నిలబెట్టడం కంట్రోలు ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఒక సరదా. బొంబాయి మెయిలుకు దారివ్వాలంటారు, ఇంకేదో పాసింజరుకు దారివ్వాలంటారు, ఏ బండీ లేనప్పుడు యార్డులో చోటు లేదంటారు. అసలు సంగతి వాళ్ళు టీ తాగుతూ ఉంటారు. అతను చేతిబ్రేకు చక్రం బిగించి, బండి తోకన వేలాడే తన గార్డు పెట్టె మెట్టు మీంచి వంగి ముందుకు చూశాడు. టాటా నుంచి మోసుకొస్తున్న ఇనపరేకుల వ్యాగన్లు వంపు తిరిగి ఉన్నాయి, ఎక్కడో ముందర ఇంజను పొగ ఒక్కటే కనిపిస్తోంది. డ్రైవరు నూకరాజు ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. ఈలకు సిగ్నలు దిగేటట్టయితే ఖరగ్‌పూర్ గోల్‌బజార్ పోకిరీలందరూ ఈపాటికి స్టేషన్ మాస్టర్లు అయ్యుండేవారు. నూకరాజుకు ఓపిక లేదు. ఓపిక లేనివాళ్ళంటే దావీదుకు చిన్నచూపు. ఓపిక ఉన్నవాళ్ళంటే అంతకంటే చిన్నచూపు. అతను లోపలికొచ్చి చెక్కబల్ల మీద కూర్చుని, జనవరి ఎండ బూట్ల మీద పడేటట్టు కాళ్ళు చాపుకున్నాడు. గంట పడుతుంది. పట్టనీ. ఇంటికి చేరేలోగా ఊరి పేరు తేల్చాలి.

ఎలీసమ్మ పెట్టిన గడువు అది. పెళ్ళయి ఇన్నేళ్ళలో భార్య తనకు గడువు పెట్టడం ఇదే మొదలు. కూతురు దేవమణి పెళ్ళయి చక్రధర్‌పూర్ వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మథురాకాటి రైల్వే క్వార్టరులో ఇద్దరే మిగిలారు. ఇద్దరే ఉన్న ఇంట్లో పని తొందరగా అయిపోతుంది, పని అయిపోయిన ఆడదానికి ఆలోచనలొస్తాయి. మొన్న డ్యూటీకి బయల్దేరుతుంటే ఆమె క్యారేజీ చేతికందిస్తూ, అందించి కూడా వదలకుండా పట్టుకుని నిలబడింది.

"శుక్రోరం జెండా పండగ. శనోరం ఆదోరం కలిపి మీకు రెస్టిచ్చినారు. నన్ను ఏదో ఒక ఊరు తీసుకెల్లండి."

"ఏ ఊరే?"

"ఏ ఊరైనా. మీరు తిరగని ఊరు లేదు కదా. ట్రిప్పు దిగి ఇంటికొచ్చేతలికి పేరు సెప్పీయండి, నేను తయారుగుంటాను."

సరేనన్నాడు. క్యారేజీ వదిలించుకోవడానికి అన్నాడు. ఏ ఊరైనా అట. ఆకలేసినవాడు అన్నం అంటాడు గాని ఏదైనా అనడు. ఏదైనా అన్నాడంటే ఆకలి లేదన్నమాట, పక్కింటివాళ్ళు తింటున్నారన్నమాట. పక్కింటివాళ్ళు తింటూనే ఉన్నారు. ఊరు చూడ్డానికి ఊరికే ఊరెళ్ళడం అనే ఈ జబ్బు బెంగాలీల దగ్గర్నుంచి అంటింది. మూడు రోజులు సెలవొస్తే చాలు, గుమాస్తా బాబులు కోతిటోపీలు పెట్టుకుని, హోల్డాలు చుట్టుకుని, పిల్లల మెడల్లో నీళ్ళసీసాలు వేలాడదీసి ప్లాట్‌ఫారం మీద నిలబడతారు. హవా బదల్ అంటారు దానికి, గాలి మార్పు. ఖరగ్‌పూర్‌లో గాలికి ఏం వచ్చిందని? వర్క్‌షాపు పొగ ఉంది, ఉంటే ఉంది, ఆ పొగలోంచే కదా వాళ్ళ కోతిటోపీలు కొన్నది. ఘాట్‌శిలా వెళ్ళి అక్కడి నీళ్ళు తాగితే తిన్నది అరుగుతుందట. తినడం తగ్గిస్తే టికెట్టు లేకుండానే అరుగుతుంది. ఈ మాట ఒకసారి గార్డుల గదిలో అంటే ముఖర్జీ అనే ముసలి గార్డు నవ్వకుండా, దాదా, తుమీ ఎక్కడికీ వెళ్ళవు, అందుకే నీకు ఏదీ అరగదు, అన్నాడు. ముఖర్జీ మాటలకు అర్థం వెదకడం దావీదు ఎప్పుడో మానేశాడు.

తెలుగువాళ్ళకు ఈ పిచ్చి ఉండేది కాదు. తన తండ్రి శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి ఖలాసీగా చేరి, ఊరంటే సొంతూరు ఒక్కటే, సెలవంటే చావుకో పెళ్ళికో అన్నట్టు బతికి పోయాడు. ఇప్పుడు చూస్తే పక్క క్వార్టరు ఎర్రయ్య కూడా గాలి మార్చుకుంటున్నాడు. ఎర్రయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. నట్టు బిగించడానికి ఒక పూట, అది బిగిసిందా లేదా అని చూడ్డానికి ఇంకో పూట. అతని భార్య చిలకమ్మ నోటికి గోడ అడ్డం కాదు. కిందటేడు వాళ్ళు పూరీ వెళ్ళొచ్చారు. వెళ్ళొచ్చి ఊరుకోవచ్చు కదా, గిన్నెడు గవ్వలూ, ఆల్చిప్పలూ, పూరీ అని ఎర్రరంగుతో రాసిన శంఖమూ తెచ్చి వీధి వీధంతా పంచింది. ఒక పెద్ద గవ్వ తెచ్చి ఎలీసమ్మ చెవికి ఆనించి, సముద్రం ఇనిపిస్తాదొదినా, ఇను ఇను, అంది. ఎలీసమ్మ కళ్ళు మూసుకుని వింది. చాలాసేపు వింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా వింటూనే ఉంది. చిలకమ్మ వెళ్ళిపోయాక కూడా గవ్వ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడితే దావీదు చూడలేకపోయాడు. వంటింట్లోకెళ్ళి ఇత్తడి గ్లాసు తెచ్చి ఆమె రెండో చెవికి పెట్టి, ఇప్పుడు ఇను, ఇందులోనూ సముద్రమేనా, అన్నాడు. గ్లాసులోనూ అదే హోరు. గాలి తప్ప ఇంకేమీ కాదు, చెవికి ఏ బోలు వస్తువు పెట్టినా అంతే. ఎంత తేలిగ్గా తేల్చేశాడో అని అతనికే ముచ్చటేసింది. ఎలీసమ్మ గ్లాసు తీసి తోముకొచ్చింది. గవ్వ తర్వాత ఏమైందో అతనికి తెలియదు.

ఇప్పుడు మళ్ళీ పూరీయే వెళ్తున్నారు ఎర్రయ్యవాళ్ళు. ఒకసారి చూసిన ఊరు రెండోసారి చూడ్డమంటే మొదటిసారి సరిగ్గా చూడలేదన్నమాట. మనమూ ఎల్దామా అని ఎలీసమ్మ అనలేదు గాని, ఆ పేరు వినబడినప్పుడల్లా చేతిలో పని ఒక్క క్షణం ఆపుతుంది, దావీదు గమనించకపోలేదు. పూరీ! జగన్నాథుడి గుడిలోకి క్రైస్తవుల్ని రానివ్వరు. ఎర్రయ్య కుటుంబం లోపల పండా పూజారుల చేత తిట్లు తింటుంటే గార్డు దావీదు, భార్య సమేతంగా, బయట చెప్పులకు కాపలా కూర్చోవాలి. ఇక మిగిలింది ఇసక. ఇసక కావాలంటే కాంసావతి ఒడ్డున లేదూ? సముద్రం అంటారు. ఉప్పునీళ్ళు. తాగడానికి పనికిరాని నీళ్ళు అంతంత ఉండి ఎవరికి లాభం.

పైన విమానం ఒకటి ఉరిమినట్టు వెళ్ళింది. కలైకుండా మిలిటరీ విమానాలు. సాలచెట్ల మీంచి కాకులు లేచాయి. పైనుంచి చూసేవాడికి అన్ని ఊళ్ళూ ఒకటే, పెంకులూ చెట్లూ, వాడికీ ఊరు తెలియదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చేవాడికీ తెలియదు. వాడు స్టేషన్లో దిగుతాడు, ఎదురుగా దండలూ, గుర్రబ్బళ్ళూ, మిఠాయి దుకాణాలూ. ఊరు మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వాడి ఎదురుగా నిలబడుతుంది. గార్డు అలా కాదు. గూడ్సు బండి గార్డుకు ప్రతి ఊరూ వీపు చూపిస్తుంది. టాటానగర్ అంటే అతనికి యార్డు, యార్డు పక్కన మురికి కాలవ, కాలవ పక్కన చెంబులు పట్టుకుని కూర్చున్న జనం, డ్యూటీ దిగినవాళ్ళు పడుకునే రన్నింగ్ రూములో నల్లులున్న నవారు మంచం, వంటవాడు పోసే పప్పునీళ్ళు. రాత్రిపూట ఫ్యాక్టరీ వాళ్ళు కరిగిన ఇనపచిట్టెం పారబోస్తే ఆకాశం ఎర్రబడుతుంది, పాసింజర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఆహా అంటారు. పారబోసిన చెత్తకు ఆహా ఏమిటి? భద్రక్ అంటే దోమలు. ఆద్రా అంటే బొగ్గు. షాలిమార్ అంటే కుళ్ళిన జనపనార వాసన. వీపు అబద్ధం చెప్పదు. ఇరవై ఏళ్ళుగా అతను ఊళ్ళ వీపులు చూస్తూనే ఉన్నాడు, ఏ ఊళ్ళోనూ రన్నింగ్ రూము గేటు దాటి బజారుకెళ్ళే అవసరం పడలేదు. తోటి గార్డులు వెళ్ళేవారు. టాటాలో చీరలు కొనేవారు, భద్రక్‌లో చేపలు కొనేవారు. అతను మంచం మీద పడుకుని పైకప్పు చూసేవాడు, వాళ్ళు తిరిగొచ్చి చెప్పేదాంట్లో ఎంత అబద్ధమో లెక్కకట్టేవాడు.

కటక్ అయితే? కటక్‌లో వెండి సన్నపని బాగుంటుందంటారు. ఆడవాళ్ళకు వెండి చూపించి తీసుకురావడం అంత తెలివితక్కువ పని లేదు. అయినా కటక్ ఎలీసమ్మ చూసిందే, రైల్లోంచి. పెళ్ళయిన కొత్తలో పాలకొండ నుంచి కాపరానికి తీసుకొస్తున్నాడు. కొత్తబట్టల జిగి ఇంకా పోలేదు, చేతిలో చర్చివాళ్ళిచ్చిన బైబిలు, కాళ్ళ దగ్గర చుట్టాలు కట్టిచ్చిన బెల్లం మూట. కటక్ దగ్గర బండి వంతెన ఎక్కింది, చప్పుడు మారింది, నిద్రమొహంతో లేచిన ఎలీసమ్మ కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని, పెట్టెలో అందరికీ వినబడేటట్టు, ఏటండీ ఇది, ఏరేనా, ఓలమ్మో ఇంత ఏరా, అని అరిచింది. జనం తిరిగి చూశారు. ఒకాయన నవ్వాడు. దావీదుకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి. నెమ్మదిగా చెప్పాడు: మహానది అంటారు, ఇప్పుడేముంది, వానల్లో చూడాలి, సరిగ్గా చూడు, సగం ఇసకే. ఆమె సరిగ్గా చూసింది. అవునండి, ఇసకే, అంది. కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన బ్రాహ్మణి నదికి అరవలేదు, బైతరణికి అరవలేదు, సువర్ణరేఖకు తల కూడా తిప్పలేదు. పిల్ల తొందరగా నేర్చుకుంటుంది, రైలుమనిషి భార్యకు కావాల్సింది ఇదే, అని అతను లోపల సంతోషించాడు. ఇప్పటికీ సంతోషమే. నలుగురిలో నోరు తెరిచి నిలబడే మనిషిని చూస్తే అతనికి ఎక్కడో నొప్పిగా ఉంటుంది.

నూకరాజు మళ్ళీ ఈల. ఊదుకో నాయనా, ఆవిరి నీ అబ్బ సొమ్మా. దావీదు లేచి వెనక గుమ్మంలోంచి వచ్చిన దారి చూశాడు, పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి, ఒక సంతాలీ ముసలిది ఎండుపుల్లల మోపుతో పట్టాలు దాటుతోంది, బండి వైపు చూడనైనా చూడలేదు. అదీ పద్ధతి. మనిషన్నాక అలా ఉండాలి. దూరాన తాటిచెట్ల అవతల హిజ్లీ ఉండాలి. ఒకప్పుడు ఖైదీలను కుక్కిన చోట ఇప్పుడు ఇంజనీర్లను తయారుచేస్తున్నారు, వాళ్ళూ సైకిళ్ళేసుకుని తిరుగుతుంటారు, పెద్ద తేడా ఏమీ లేదు. ఆ చదువుకున్న పంతుళ్ళు సెలవులకు డార్జిలింగు వెళ్తారట. చలికి డబ్బులిచ్చి వణకడానికి.

వాల్తేరు? తెలుగుదేశం, భాష తెలుస్తుంది, మోసపోయినా సొంత భాషలో మోసపోవచ్చు. వాల్తేరు కూడా అతను చూసిందే, ఎలీసమ్మ చిన్నాన్న కొడుకు పెళ్ళికి వెళ్ళారు, దేవమణి అప్పుడు చంకపిల్ల. పెళ్ళి అయిన మర్నాడు చుట్టాలందరూ జట్కాలు మాట్లాడుకుని సముద్రం దగ్గరకు బయల్దేరారు. బావా రా, వదినా రా, అని ఒకటే గోల. దావీదు పెళ్ళింటి అరుగు మీద తలగడ వేసుకుని, ఆ ఎండలో, ఆ తోపులాటలో, నీళ్ళ కోసమా, మీరెళ్ళండి, అన్నాడు. జట్కాలో ఎక్కి కూర్చున్న ఎలీసమ్మ అతని వైపు చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు, నిద్ర కోసం. తెరిచేసరికి ఆమె దిగి, పిల్లను ఒళ్ళో వేసుకుని అరుగు చివర కూర్చుని విసురుతోంది. ఎల్లలేదేటే అంటే, మీరు ఎల్లలేదు కదండి, అంది. మంచి భార్య. సాయంత్రం చుట్టాలు తడిబట్టలతో, ఇసకకాళ్ళతో వచ్చి ఇల్లంతా పాడుచేశారు, అరుస్తూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతూ. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకే తెలియదు. వాల్తేరు వద్దు. అక్కడికెళ్తే ఆ చుట్టాలింట్లోనే దిగాలి.

దేవమణి గుర్తొచ్చింది. ఆ పిల్లకు కూడా ఊళ్ళ పిచ్చి ఉండేది. బళ్ళో గోడకు వేలాడదీసే ఇండియా పటం చూసి ఒకసారి పెద్ద కాగితం మీద అచ్చం అలాగే గీసింది, ఊళ్ళన్నిటికీ రంగులు వేసింది, పంతులమ్మ మెచ్చుకుందట. తను డ్యూటీ దిగి వాకిట్లో బూట్లు విప్పుకుంటుంటే లోపల్నుంచి గుసగుస వినబడింది: అమ్మా, నాన్నకి సూపించకే. ఎలీసమ్మ, సూపించన్లే, పెట్టిలో పెట్టీ, అంది. తండ్రి అంటే పిల్లకు భయం, భక్తి, అనుకున్నాడు. ఉండాలి. పటంలో ఖరగ్‌పూర్‌ను ఎక్కడ పెట్టిందో చూస్తే తప్పు పట్టేవాడే, నిజమే, కాని తప్పుంటేనే కదా పట్టేది. ఆ గుసగుసలో నాన్న అనే మాటను పిల్ల పలికిన తీరు ఎందుకో అప్పుడప్పుడూ ఇలా గుర్తొస్తుంది. అతను క్యారేజీ తెరిచాడు. అడుగున మిగిలిన రొట్టెముక్క గట్టిపడింది. టాటా రన్నింగ్ రూము వంటవాడికంటే నయం.

ఇక మిగిలింది కలకత్తా.

కలకత్తా అనుకోగానే దావీదు వెన్ను నిటారైంది. ఆ ఊరి మీద ఉన్నంత కోపం అతనికి ఇంకే ఊరి మీదా లేదు. దాన్ని ఒకసారి ముందునుంచి చూశాడు కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొత్త తెల్లకోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే. హౌరాలో దిగి వంతెన మీద నడిచి, ట్రాము ఎక్కి, చౌరంగీలో దిగి ఒక మేడ చూశాడు. పైకి, ఇంకా పైకి, మెడ నొప్పెట్టేదాకా చూశాడు, అంత ఎత్తున కిటికీలో ఎవరో చీర ఆరేసుకున్నారు, అది పచ్చగా గాలికి ఎగురుతోంది. పక్కనుంచి పోతున్న ఇద్దరు బాబులు ఆగి అతన్ని చూసి, ఒకడు నోరు తెరిచి మెడ పైకెత్తి అతనిలాగే నిలబడి చూపించాడు, రెండోవాడు పడీపడీ నవ్వాడు, దేహాతీ, పల్లెటూరివాడు, అన్నాడు. దావీదు నోరు మూసుకున్నాడు. తిన్నగా స్టేషనుకు నడిచొచ్చేశాడు. అంతే, అందులో పెద్ద విషయం ఏమీ లేదు, నవ్వేవాళ్ళు ఎక్కడైనా నవ్వుతారు, వాళ్ళిద్దరూ ఈపాటికి ముసలివాళ్ళయిపోయి కోతిటోపీలు పెట్టుకుని ఉంటారు. ఆ తర్వాత షాలిమార్ యార్డుకు వందసార్లు వెళ్ళాడు గాని అవతలి ఒడ్డుకు అడుగు పెట్టలేదు.

ఇప్పుడు పెడతాడు. ఎందుకు పెట్టకూడదు? అతనికి హుషారు పుట్టింది. అన్ని ఊళ్ళలోకీ బండారం ఎక్కువున్న ఊరు కలకత్తాయే. మూడు రోజులు చెప్పినా తరగదు. ఎలీసమ్మను ఆ వంతెన మీద నిలబెట్టి, దీన్ని చూడ్డానికే జనం వస్తారు, కింద గంగ చూడు, శవాలు కొట్టుకొస్తాయి, అని చెప్పాలి. ట్రామంటే ఏమనుకున్నావు, రోడ్డు తప్పిన గూడ్సు బండి. మ్యూజియంలో ఎండిన శవాన్ని పెట్టారు, దానికి క్యూ. చచ్చిపోయిన దొరసాని రాణికి పాలరాతి బంగళా, బతికున్నవాళ్ళు ఫుట్‌పాతు మీద. జంతుశాలలో పులి ఉంటుంది, పులికి కూడా చూసే జనమంటే విసుగు. ఆ చౌరంగీ మేడ దగ్గరకూ తీసుకెళ్ళాలి, ఇదుగో, దీన్ని చూసే మనుషులు నోళ్ళు తెరుస్తారు, నువ్వు తెరవకు, అనాలి. ఒక్కొక్క మాటా ఎక్కడ అనాలో, ఏది ముందు, ఏది వెనక, అన్నీ అమర్చుకుంటుంటే ఎంతసేపయిందో అతనికి తెలియలేదు. నిజానికి ఆమెతో పక్కపక్కన నడుస్తున్నట్టే ఉంది, ఆమె కొత్త ముదురాకుపచ్చ చీర కట్టుకున్నట్టు, తను వేలు చూపిస్తుంటే అటు తల తిప్పుతున్నట్టు. ముందర ఇంజను పొడుగ్గా కూసింది. కుదుపు వ్యాగను నుంచి వ్యాగనుకు పాకుతూ వచ్చి అతని పెట్టెను తన్నింది. దావీదు బ్రేకు వదిలి, పచ్చజెండా బయటపెట్టి ఊపాడు. అతనికి నవ్వొచ్చింది. ఒక ఊరికి వెళ్ళాలని అతనికి కోరిక పుట్టి ఎన్నేళ్ళయిందో.

ఇల్లు చేరేసరికి ఎలీసమ్మ తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని పొయ్యి దగ్గరుంది. ట్రంకు పెట్టె అటక దిగి గోడవారన తుడిచి ఉంది. అతను బూట్లు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

"కలకత్తా."

ఆమె గరిటె వదిలేసి లేచింది. "కలకత్తాయేనా? నిజంగానా అండీ?" మొహమంతా వెలిగిపోయింది, ఆ మొహం ఆమెదేనా అన్నట్టు దావీదు చూశాడు. "ట్రామెక్కుదామండీ? పెద్ద పెద్ద మేడలుంటాయట కదా, దేవమణి సెప్పేది."

"ట్రామేటే, రోడ్డు తప్పిన గూడ్సు బండి," అన్నాడు దావీదు, మొదలుపెట్టాడు.

బాగా చెప్పాడు. గంటసేపు పదును పెట్టుకున్న మాటలు, ఒక్కటీ తడబడలేదు. వంతెన, గంగ, శవాలు, మ్యూజియం, పాలరాతి బంగళా. ఎలీసమ్మ మొదట పీట మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. పులి దగ్గరకొచ్చేసరికి లేచి పొయ్యిలో కట్టె సర్దింది. మేడల దగ్గరకొచ్చేసరికి అన్నం వార్చడానికి పెరట్లోకెళ్ళింది. అతను గొంతు పెంచి చెప్తూనే ఉన్నాడు. గోడ మీంచి చిలకమ్మ గొంతు వినబడింది.

"ఏటొదినా, ఊరు తేలిందేటి? అన్నయ్య ఏటన్నాడు?"

ఎలీసమ్మ గిన్నె ఇంకొంచెం వంచింది. గంజి బొటబొటా కారుతున్న చప్పుడు.

"తేలింది వదినా. నేనూ మీతోని పూరీ వొచ్చీస్తాను. ఎర్రయ్యన్నతో సెప్పు, నాకూ ఒక సోటు సూడమను."

"మరి అన్నయ్యో?"

"ఆయన రారు."

దావీదు పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. చిలకమ్మ తల గోడ వెనక్కి దిగిపోయింది.

"కలకత్తా అన్నాను కదే?"

"అన్నారు." ఆమె గొంతులో కోపం లేదు, అదే అతనికి అర్థం కాలేదు. "అని, సూపించీసినారు కూడానా. ఇంక నేను ఎల్లి సూడ్డానికి అక్కడేటి మిగిలిందండీ?"

"నిజం సెప్పినాను. లేనిది సెప్పినానేటి?"

"మీరు లేనిది సెప్పరు. మీతోని ఎల్తే ఊరు సిన్నదయిపోతాది, అంతే. నాకు ఒక్కసారి పెద్దూరు సూడాలనున్నాది."

"పూరీయేనా పెద్దూరు?" అతనికి ఇప్పుడు తోవ దొరికింది. "గుడిలోకి నిన్ను రానిస్తారేటి? వాళ్ళు లోపలికెల్తే నువ్వు బయట సెప్పులు కాస్తావా?"

"కాస్తాను. సముద్రం గుడి బయటే కదా ఉన్నాది."

"సముద్రం, సముద్రం! సముద్రమంటే ఏటనుకుంటన్నావే నువ్వు?"

ఎలీసమ్మ వార్చిన గిన్నె కింద పెట్టి అతని వైపు తిరిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఏటండి? ఎలాగుంటాది? మీరు సూసినారా?"

దావీదు నోరు తెరిచాడు. నీళ్ళే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎప్పుడూ వచ్చే మాటే, ఎంతోమందికి చెప్పిందే. ఆమె కళ్ళెత్తి ఎదురుచూస్తోంది. ఆ చూపులో అతన్ని పట్టివ్వాలనే ఆలోచన ఎక్కడా లేదు, ఏ చిన్న మాట చెప్పినా తీసుకుని దాచుకునేటట్టు ఉంది. అతను వెదికాడు. చెప్పడానికి లోపల ఏమీ లేదు.

"లేదు," అన్నాడు.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ సూళ్ళేదు."

ఆమె నవ్వి ఉంటే దానికి జవాబుండేది. నవ్వలేదు. కొంచెంసేపు అతన్ని, ఇంకా విప్పని బూట్లను, మసి పట్టిన కోటును చూసింది.

"అలాగైతే నేను సూసొచ్చి సెప్తాను లెండి," అంది. "కాళ్ళు కడుక్కోండి. అన్నం పెట్టీస్తాను."

కాళ్ళు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు. వంకాయ కూరలో ఉప్పు తక్కువైంది, అనలేదు. ఆమె ఎదురుగా కూర్చుని, పూరీలో చలి ఉంటుందా, దుప్పటి పట్టుకెళ్ళాలా, ఆదివారం చర్చి తప్పిపోతే పాస్టరుగారు ఏమనుకుంటారో, అని తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడుతోంది. మీరూ రండి అంటుందేమోనని దావీదు ముద్ద ముద్దకూ తలెత్తి చూశాడు. అంటే ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు, వద్దనడానికి కాదు. ఆమె అనలేదు. నేనూ రానా అని తనే అడగొచ్చు. నాలుగు అక్షరాల మాట, లోకంలో పసిపిల్లలు కూడా అడుగుతారు. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడిగి ఎరగడు, ఏ గొంతుతో అడుగుతారో అతనికి తెలియలేదు. కంచంలో అన్నం అయిపోవచ్చింది.

"మజ్జిగ పొయ్యమంటారా?" అంది ఎలీసమ్మ.

"పొయ్యి," అన్నాడు దావీదు.